పదమూడున్నర దగ్గర ఆగే చెయ్యి

2022 వేసవి. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. చూసేవాళ్లకి పని లేనట్టు కనిపిస్తుంది గానీ, మరమ్మతులు చేసేవాళ్లకి ఏడాది మొత్తంలో ఊపిరి సలపని రోజులు అవే. గేరుబాక్సులు పైకి లేస్తాయి, షాఫ్టులు బయటికొస్తాయి, ఆటోనగర్‌లోని వర్క్‌షాపులకి వాటిలో సగం వస్తాయి. అలాంటి ఒక వర్క్‌షాపులో నేను ఇరవయ్యేళ్లుగా పనిచేస్తున్నాను.

నేను ఇంజనీరుని కాను. పదో తరగతి అయ్యాక ఫిట్టరు పనిలో చేరాను. పాత పుస్తకాల కొట్లో కొన్న ఒక హ్యాండ్‌బుక్, ఒక కాలిక్యులేటరు, నాలుగైదు నోటుపుస్తకాలు, ఇదే నా చదువు. ఏ బోల్టుని ఎంత బిగించాలి అన్న లెక్క మీద నాకు మోజు ఎక్కువ. చుట్టుపక్కల షెడ్లవాళ్లు కూడా అడిగి రాయించుకుని వెళ్తుంటారు.

ఆ లెక్క గురించి రెండు ముక్కలు చెప్పాలి. స్పానరు పొడవుని, దాని చివర మనం లాగే బలంతో గుణిస్తే వచ్చేది టార్క్. మీటరు పొడవు స్పానరుని పది కిలోల బలంతో లాగితే పది కిలో-మీటర్ల టార్క్ అంటాం. నట్టు బిగించేకొద్దీ బోల్టు సన్న రబ్బరులా సాగుతుంది. వెనక్కి ముడుచుకోవాలని అది లాగే లాగుడే రెండు ఇనప ముక్కల్నీ కలిపి పట్టుకుంటుంది. ఆ లాగుడుని ప్రీలోడ్ అంటారు. తక్కువైతే బోల్టు వదులవుతుంది. మరీ ఎక్కువైతే సాగిన బోల్టు మళ్లీ వెనక్కి రాదు, దాని బలం చచ్చిపోతుంది. మనకి కావలసింది ప్రీలోడ్. కానీ చేతికి అందేది టార్క్ మాత్రమే. ఒకదాని నుంచి ఇంకోదాన్ని అంచనా కట్టడమే పనంతా.

కొండమ్మ గారికి రెండు మరబోట్లు. ఒకప్పుడు ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగిన మనిషి. ఇప్పుడు వేలంపాట షెడ్డులో ఆమె నోరు విప్పితే మిగతావాళ్లు కాస్త తగ్గి మాట్లాడతారు. ఆ వేసవిలో పెద్ద బోటుకి గేరుబాక్సు మార్చి, కప్లింగు కోసం మా షెడ్డుకి వచ్చింది. గేరుబాక్సు తిరుగుడుని ప్రొపెల్లరు షాఫ్టుకి అందించే రెండు ఇనప పళ్లేలనే కప్లింగు అంటారు. ఆ రెండిటినీ ఆరు బోల్టులు కలిపి పట్టుకుంటాయి. అవి పోతే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, బోటు మాత్రం కదలదు.

"లెక్కల మాస్టారూ," అంది కొండమ్మ గారు, "ఈ బోల్టులు ఎంత బిగించాలో ఓ కాయితమ్ముక్క మీద రాసిచ్చీ. ఎవుడి సేతికి తోసినట్టు ఆడు బిగిత్తన్నాడు. కొత్త గేరుబాక్సు, నాకు బయంగుంది."

నాకు సంతోషమే వేసింది. పదహారు మిల్లీమీటర్ల బోల్టు, తల మీద గట్టి ఉక్కని చెప్పే 8.8 ముద్ర. దానికి ఏడు టన్నుల లాగుడు కావాలి. పది టన్నుల దగ్గర అది లొంగిపోతుంది గనక ఏడు భద్రం. ఏడు వేల కిలోల్ని మీటర్లలో బోల్టు మందంతో గుణించి, రాపిడికి పుస్తకంలో ఉన్న 0.2తో మళ్లీ గుణిస్తే ఇరవై రెండు కిలో-మీటర్లు వచ్చింది. రెండుసార్లు సరిచూసుకున్నాను. '22' అని పెద్ద అక్షరాలతో కార్డు రాసి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, మా షెడ్డులోని టార్క్ రెంచితో సహా పట్టుకెళ్లాను. ఆ రెంచి మీద మనకి కావలసిన అంకె పెట్టుకుంటే, బిగింపు అక్కడికి చేరగానే టక్ మని చేతికి తెలుస్తుంది.

బోటు మెకానిక్కు ఎర్రయ్య. అరవై దగ్గర పడుతున్న మనిషి. కొండమ్మ గారు మొదటి బోటు కొన్న రోజు నుంచీ వాటి ఇంజన్లు చూసేది ఆయనే. అందరూ మావా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. నేను ఇంజను గదిలోకి దిగేసరికే బోల్టులు తొడిగి, నట్లు చేత్తో తిప్పి ఉంచాడు. ఇంజను గదిలో గ్రీజు అంటని వస్తువంటూ ఉండదు. అందుకే నా కంటికి ఏదీ కొత్తగా ఆనలేదు.

రెంచి ఆయన చేతికిచ్చాను. మొదటి నట్టు లాగుతూ సగంలో ఆగాడు.

"బాబూ, ఇక్కడికి సాలు."

"టక్ రాలేదు గదా మావా."

ఇంకొంచెం లాగి మళ్లీ ఆగాడు. "మెత్తబడిపోతంది. నా సెయ్యి వద్దంతంది."

"ఇనుము మెత్తబడ్డమేంటి. అంకె దగ్గరికి రానీ."

"నీ అంకె రాకముందే బోల్టు ఏడుత్తంది బాబూ."

"చేతికి లెక్క తెలీదు మావా," అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన మళ్లీ రెంచి అందుకున్నాడు. ఆరు నట్లూ టక్ మనేదాకా లాగి, రెంచి తుడిచి, నా చేతిలో పెట్టాడు.

నిషేధం ముగిసి బోట్లు వేటకి వెళ్లాయి. మొదటి వేట నుంచి తిరిగొచ్చేసరికి ఆరు బోల్టుల్లో ఒకదానికి తల లేదు. కొండమ్మ గారు ఫోను చేసింది. కొత్త బోల్టు వేయమనీ, ప్రతి వేటకీ ముందు ఆరింటినీ టక్ వచ్చేదాకా మళ్లీ చూడమనీ చెప్పాను. రెంచి మళ్లీ వాళ్ల దగ్గరికి పంపాను. ఆ మాట ఎంత చెరుపు చేసిందో అప్పుడు తెలియదు.

మూడో వేటలో నడి సముద్రం మీద నాలుగు బోల్టులు ఒకేసారి పోయాయి. ఇంజను అరుస్తూ ఉంది, బోటు నిలబడిపోయింది. లోపల ఎనిమిది మంది. గాలి మళ్లకముందే ఇంకో బోటు అటుగా వచ్చి తాడు కట్టి లాక్కొచ్చింది గనక సరిపోయింది.

కొండమ్మ గారు మళ్లీ ఫోను చేసింది. "మాస్టారూ, నీ కాయితంలో తేడా ఉందా? ఉంటే సెప్పీ."

నేను నోటుపుస్తకం తీసి చూశాను. గుణింపులు సరిగ్గానే ఉన్నాయి. "లెక్కలో తేడా లేదమ్మా. బిగించడంలోనే ఎక్కడో వచ్చుంటుంది," అన్నాను.

బిగించింది ఒక్కడే. ఆ మాట ఎవరి మీద పడుతుందో నాకు తెలియకపోలేదు.

రెండు రోజుల తర్వాత విరిగిన బోల్టులు చూద్దామని హార్బర్‌కి వెళ్లాను. వలలు కుట్టే షెడ్డు పక్కన ఎర్రయ్య మావ పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె మూత తియ్యలేదు. వేలంపాట దగ్గర పదిమందిలో కొండమ్మ గారు ఆయన్ని తిట్టిందట. సోమవారం నుంచి ఇంకో మెకానిక్కుని మాట్లాడిందట. ఆయన చేతిలో ఉన్న మరో మూడు బోట్లవాళ్లు అప్పటికే మొహం చాటేస్తున్నారు.

"ముసిలోడు కార్డు సూడకుండా తన సొంత బిగింపు ఎట్టుకున్నాడంతన్నారు," అన్నాడు. "నానేటి సెప్తాను. నీ టక్ కాడే ఆపాను."

విరిగిన బోల్టులు ఒక నూనె డబ్బాలో పోసి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. వదులై ఊగి ఊగి విరిగిన బోల్టు ముక్క నున్నగా, అడ్డంగా తెగినట్టు ఉంటుంది. ఇది అలా లేదు. విరిగిన చోట నడుం సన్నబడి ఉంది. విరగకుండా మిగిలిన రెండు బోల్టుల్లో ఒకదానికి కొత్త నట్టు వేసి వేళ్లతో తిప్పాను. నాలుగు మరలు, అంటే బోల్టు మీది నాలుగు చుట్ల గాడి, హాయిగా వెళ్లి ఐదో మర దగ్గర బిగుసుకుపోయింది. బోల్టు సాగి మరల మధ్య దూరం మారిపోతేనే అలా జరుగుతుంది. ఇవి వదులై పోయినవి కావు. బిగించి చంపినవి.

"మావా, బలం చాలక రెంచికి పైపు గానీ తొడిగి లాగావా?"

అడిగాక ఆయన మొహం చూసి, అడగకుండా ఉండాల్సింది అనిపించింది. ఆయన లేచి పెట్టె మూత తీశాడు. "రా, నీ ముందే బిగిత్తాను, సూసుకో."

షెడ్డులో పడి ఉన్న ఒక పాత కప్లింగు ముందేసుకున్నాడు. కొత్త బోల్టు తీశాడు. దాన్ని తొడిగే ముందు పెట్టెలో ఓ మూలనున్న డబ్బాలో మరలు మునిగేదాకా ముంచాడు. నట్టు కింద వాషరుకి కూడా వేలితో రాశాడు. నల్లగా, వెన్నలా మెరుస్తోంది.

"ఏంటి మావా అది?"

"నల్ల గ్రీజు. గ్రీజులో పెన్సిలు ముల్లు పొడుం కలిపీడమే. మా అయ్య సొరసేప నూనెలో మసి కలిపీవోడు. ఇది నేకుండా ఈ జెట్టీ మీద బోల్టెక్కదు బాబూ. ఉప్పు నీటికి నట్టు పట్టీసిందంటే మళ్లీ గ్యాసు కటింగే."

సంచిలోంచి హ్యాండ్‌బుక్ తీశాను.

నా 0.2 అన్న అంకె ఏ పూతా లేని పొడి మరలకి. నట్టు మీద మనం పెట్టే శ్రమలో నూటికి తొంభై వంతులు రాపిడికే పోతాయి. నట్టు అడుగున సగం, మరల్లో మిగతాది. పదో వంతే బోల్టుని సాగదీస్తుంది. గ్రీజు రాస్తే ఆ రాపిడి తగ్గిపోయి, మిగిలిన శ్రమంతా బోల్టు నెత్తిన పడుతుంది. హ్యాండ్‌బుక్‌లో అదే పట్టికలో నాలుగు వరసల కింద, ఇలాంటి గ్రీజుకి 0.12 అని ఉంది. ఎన్నోసార్లు చూసిన వరసే. అక్కడే కూర్చుని లెక్క కట్టాను. నేను రాసిచ్చిన ఇరవై రెండుతో, ఈ నల్ల గ్రీజు మీద, బోల్టుకి పడ్డ లాగుడు ఏడు టన్నులు కాదు, దగ్గర దగ్గర పదకొండున్నర. పది దగ్గరే అది లొంగిపోవాలి. 'మెత్తబడిపోతంది' అని ఆయన ఆగిన చోటు అదే. తర్వాత ప్రతి వేటకీ ముందు నేను చూడమన్నప్పుడల్లా, చచ్చిన బోల్టు ఇంకాస్త సాగుతూ వచ్చింది.

గ్రీజుతో రావాల్సిన సరైన అంకె పదమూడున్నర.

"మావా, నా కార్డు రాకముందు ఎంత బిగించేవాడివి?"

"ఎంతంటే ఏటి సెప్తాను? సాలు అన్నంత."

ఆ 'చాలు' ఎంతో నాకు తెలుసుకోవాలనిపించింది. వేలంపాట షెడ్డు నుంచి చేపల బుట్టలు తూచే స్ప్రింగు కాటా అడిగి తెచ్చాను. దాని కొక్కేన్ని ఆయన స్పానరు చివరకి తగిలించి, రింగు పట్టుకుని లాగమన్నాను. ముల్లు నావైపు ఉంచుకున్నాను, ఆయనకి కనిపించకుండా.

"నన్ను సేపల్లాగ తూత్తన్నావేటి?"

"నీ చెయ్యిని తూస్తున్నాను."

మొదటి రెండు బోల్టులూ ఆయనకి నచ్చలేదు. రింగు పట్టుకుంటే చేతికి తెలియడం లేదన్నాడు. తర్వాత కుదిరింది. ఆరు బోల్టులు బిగించాడు. ఒక్కోదాని దగ్గర ఆయన "సాలు" అన్నప్పుడు ముల్లు చూసి రాసుకున్నాను. ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి, ముప్పై, ఇరవై తొమ్మిది, ముప్పై రెండు, ముప్పై. సగటు ముప్పై కిలోలు. స్పానరు పొడవు టేపుతో కొలిచాను, నలభై ఐదు సెంటీమీటర్లు. గుణిస్తే పదమూడున్నర.

నమ్మలేక, సంచిలోంచి మైక్రోమీటరు తీశాను. ఒక బోల్టు రెండు చివరలూ ఆకురాయితో చదును చేసి, బిగించకముందు పొడవు, ఆయన బిగించాక పొడవు కొలిచాను. మిల్లీమీటరులో వందో వంతులు ఎనిమిది సాగింది. ఆ మందానికి, ఆ పొడవుకి ఏడు టన్నులంటే అంతే సాగాలి. నట్టు విప్పాక బోల్టు తన మొదటి పొడవుకి వచ్చేసింది.

ఆయనకి నోటుపుస్తకం చూపించాను. అంకెల వైపు చూసి, "అయితే నాను తప్పు సెయ్యనేదా?" అన్నాడు.

"లేదు మావా. నేనే చేశాను."

ఇద్దరం కొండమ్మ గారి దగ్గరికి వెళ్లాం. ఆమె ఐసు పెట్టెల పక్కన నిలబడి ఉంది. బోల్టు, నట్టు ఆమె చేతిలో పెట్టి, తిప్పి చూడమన్నాను. ఐదో మర దగ్గర నట్టు ఆగిపోయింది. మొత్తం చెప్పాను.

"అయితే తప్పెవులిది?"

"నాదేనమ్మా."

"బోల్టుకి ఏటి రాత్తారర్రా అని ఓ ముక్క అడగడానికి నీకు నోరు రానేదా?"

"అడగలేదమ్మా. అడగాలని తట్టలేదు."

ఆమె బోల్టుని అటూ ఇటూ తిప్పింది. "ఫోన్లో కూడా నీ లెక్క సరిగ్గానే ఉందన్నావు. నీ మాట అట్టుకుని ఈ మనిషిని పదిమందిలో తిట్టీసాను. ఇప్పుడు నా మొగం ఎక్కడెట్టుకోను?"

"ఆ పదిమందికీ నేనే చెప్తాను."

వేలంపాట షెడ్డులో అంతమంది ముందు మాట్లాడ్డం నాకు అలవాటు లేదు. ఎర్రయ్య మావ బిగింపు సరైందనీ, కార్డు మీద నేను రాసిన అంకె తప్పనీ, గ్రీజు సంగతి అడక్కుండా రాశాననీ చెప్పాను. ఎవరో వెనకనుంచి, "పుస్తకానికి ఉప్పునీరు తగల్నేదేటి మాస్టారూ," అన్నారు. నవ్వారు. ఆ నవ్వు నాకు తగిందే.

కొండమ్మ గారు ఎర్రయ్య వైపు తిరిగింది. "ఎర్రన్నా, నోరు జారీసాను. మనసులో ఎట్టుకోకు." ఆయన తల వంచుకుని, "బోటు మీద ఎనిమిది మందున్నారు గదమ్మా. నీ కోపం నాకు తెలీదేటి," అన్నాడు. అప్పుడు ఆమె నావైపు చూసి, "నువ్వు సెప్పీసి ఎల్లిపోదామనేటి? రేపు బోటు సముద్రానికి తీసి సూత్తాం. నువ్వూ ఎక్కు," అంది.

ఎక్కాను. కొత్త బోల్టులు, నల్ల గ్రీజు, పదమూడున్నర. హార్బర్ ఛానెలు దాటి డాల్ఫిన్స్ నోస్ కొండ మలుపు తిరిగామో లేదో నా కడుపు తిరిగింది. యారాడ తీరం పక్కన వెళ్తున్నంతసేపూ ఇంజను గదిలో ఓ గోడ పట్టుకుని కూర్చున్నాను. ఎర్రయ్య మావ నాకు నిమ్మకాయ వాసన చూపిస్తూ, మధ్యమధ్యలో చెవి కప్లింగు వైపు పెట్టి వింటూ ఉన్నాడు. మూడు గంటలు తిరిగి జెట్టీకి వచ్చాక, రెంచిని పదమూడున్నర మీద పెట్టి ఆరు నట్లూ చూశాం. ఒక్కటీ కదలకుండా టక్ మంది. ఆ ఏడాది ఆ బోల్టులు మళ్లీ మారలేదు. మొహం చాటేసిన మూడు బోట్లవాళ్లూ తిరిగొచ్చారు.

పాత కార్డు చింపేసి కొత్తది రాశాను. దాని మీద అంకె కన్నా ముందు 'నల్ల గ్రీజు రాసి' అని ఉంటుంది. అప్పటి నుంచీ ఎవరు వచ్చి బోల్టు ఎంత బిగించాలని అడిగినా, సైజు అడగకముందు మరలకి ఏం రాస్తారని అడుగుతాను. ఆ తర్వాత, ఇన్నాళ్లూ ఎవరు బిగించారని అడుగుతాను. ఆ మనిషి ఉంటే కాటా తీసుకుని వెళ్తాను. నా అంకెకీ ఆ చేతికీ పొసగకపోతే, చేతిని అనుమానించే ముందు నా అంకె దేని గురించో మళ్లీ చూసుకుంటాను. ఆ బోల్టులు నాకు నేర్పింది ఇదే అనుకున్నాను చాలాకాలం.

కానీ అది అక్కడితో అయిపోలేదు. ప్రతి వేసవీ నిషేధం రోజుల్లో ఎర్రయ్య మావ నన్ను పిలిచి, ఆ చేపల కాటాతో చెయ్యి తూయించుకుంటాడు. ఆయనకి అదో సరదా అయింది. ముప్పై వస్తే పక్కవాళ్లకి చెప్పి నవ్వేవాడు. మొన్నటి వేసవిలో కూడా పిలిచాడు. ఆరు బోల్టులు. ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఇరవై మూడు, ఇరవై ఐదు, ఇరవై మూడు, ఇరవై మూడు.

సగటు రెండోసారి కట్టాను. ఆయనే నా మొహం చూశాడు.

"తగ్గిందా?"

"ఇరవై నాలుగు మావా."

"సాలు అనిపించింది నాకు," అన్నాడు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "సెయ్యి అబద్దం ఆడ్డం మొదలెట్టింది. బోటు మీద ఎనిమిది మంది."

కొండమ్మ గారికి చెప్పొద్దంటాడేమో అనుకున్నాను. అలా అనలేదు. చెయ్యి గుడ్డతో తుడుచుకుని, నావైపు చాపాడు.

"ఆ టక్ మనేదాన్ని ఇలా తే బాబూ. ఇంకమీద దాంతోనే బిగిత్తాను. కొండమ్మతో నానే సెప్తాను."

రెంచి ఇచ్చాను. ఆయన పిడి తిప్పి అంకె పెట్టుకోబోతే, ముందే పెట్టి ఉంది. పదమూడున్నర. నాలుగేళ్లుగా ఆ రెంచిని హార్బర్‌కి తెచ్చిన ప్రతిసారీ ఆ అంకె మీదే ఉంచుతున్నాను.

"ఇది నా లెక్క కాదు మావా," అన్నాను. "ఆ రోజు కాటా మీద నీ చెయ్యి చెప్పింది."

ఆయన మొదటి నట్టుకి రెంచి తగిలించి మెల్లగా లాగాడు. టక్ మన్నచోట ఆగి, కాసేపు అలాగే పట్టుకున్నాడు.

"అవును," అన్నాడు. "సాలు."